నోరులేని జీవి దురద

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అని మన తెలుగునాట ఒక సామెత కలదు. ఎవరి బాధ వారిది, మధ్యలో నీకెందుకని దాని తాత్పర్యం. రెండేళ్ల క్రితం ఒక ఉదయాన మా ఇంటి పిల్లిని వెదురుబుట్టలో పెట్టుకుని పశువైద్యుని వద్దకు బయలుదేరిన నాకు, వీధి మలుపులో ఒక పెద్దమనిషి ఎదురుపడి, విషయం తెలుసుకుని, నవ్వుతూ ఈ సామెతనే వినిపించారు. ఆయన మాటలో దురుద్దేశం లేదు. మనలో చాలామంది ఆలోచన అదే. ఆవుకు జబ్బు చేస్తే పాలు పోతాయి, ఎద్దుకు జబ్బు చేస్తే సేద్యం పోతుంది. పిల్లికి దురద పుడితే పోయేదేమిటి? ఆనాడు తొందరలో నేను ఆయనకు జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆలస్యంగా చెబుతున్న ఆ జవాబే.

తెలుగు పాఠాలు చెప్పుకునే ఉపన్యాసకునికి పశువైద్యంతో పనేమిటని విద్యార్థి మిత్రులు అడుగవచ్చును. నేను వైద్యుణ్ణి కాను. చేయకూడని పొరపాటు ఒకటి చేసి, దాని వల్ల ఒక మూగజీవి ప్రాణాల మీదికి తెచ్చి, ఆ తరువాత వైద్యులను అడిగి, గ్రంథాలు చూసి నేర్చుకున్నవాణ్ణి. ఆ పొరపాటు ఇంకొక ఇంట జరుగకూడదనే ఈ సాహసం.

ముందుగా ఎలర్జీ అంటే ఏమిటో చూద్దాం. ఈ మాటను 1906లో వియన్నా నగరపు పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే సృష్టించాడు. మన ఇళ్లలో దానికి చక్కని తెలుగు మాట ఉన్నది: "పడదు." ఒకరికి వంకాయ పడదు, ఇంకొకరికి రొయ్య పడదు. నలుగురికీ హాని చేయని పదార్థాన్ని ఒకరి శరీరం మాత్రం శత్రువుగా భావించి దానిపై యుద్ధం ప్రకటించడమే పడకపోవడం. ఆ యుద్ధంలో శత్రువుకు జరిగే నష్టమేమీ ఉండదు, నలిగేది శరీరమే. దద్దుర్లు, దురద, తుమ్ములు, ఆయాసం, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయం కూడా కలుగుతాయి.

ఈ శాస్త్రం పుట్టుకలో కుక్కలకు పెద్ద భాగం ఉన్నదని తెలిసి నేను ఆశ్చర్యపోయాను. 1901లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనేవారు మొనాకో రాజు ఓడపై ప్రయాణిస్తూ సముద్రజీవుల విషాన్ని పరిశీలించారు. తరువాత పారిస్‌లో ఆ పరిశోధనను కుక్కలపై కొనసాగించారు. మొదటిసారి విషాన్ని తట్టుకున్న కుక్క, కొన్ని వారాల తరువాత అతి స్వల్పమైన మోతాదుకే నిమిషాలలో కూలిపోయింది. ఒకసారి తట్టుకున్న శరీరం రెండవసారి మరింత బలపడాలి గదా, ఇలా ఎందుకయిందన్న ప్రశ్న నుండే ఎలర్జీ శాస్త్రానికి దారి పడింది. రిషేకు 1913లో నోబెల్ బహుమతి లభించింది. ఈనాడు తేనెటీగ కుట్టి ఊపిరాడని మనిషికి సకాలంలో ఇంజెక్షను ఇచ్చి బ్రతికించుకోగలుగుతున్నామంటే, ఆ జ్ఞానంలో ఆ కుక్కల ప్రాణాల వెల కలదు. వాటి జాతికి వచ్చిన దురదను మనం పట్టించుకోవలదా?

మనిషికి ఏదైనా పడకపోతే తరచుగా తుమ్ములు, జలుబు రూపంలో బయటపడుతుంది. కుక్కకు, పిల్లికి ఎక్కువగా చర్మం ద్వారా బయటపడుతుంది. కుక్క తన పాదాలను అదేపనిగా నాకుతుంది, చెవులు గోక్కుంటుంది, పొట్ట కింద ఎర్రబడుతుంది, చెవిలో చీము మాటిమాటికీ తిరగబెడుతుంది. పిల్లి మెడను, ముఖాన్ని రక్తం వచ్చేలా గోక్కుంటుంది, లేదా పొట్ట మీద వెంట్రుకలు రాలిపోయేదాకా నాక్కుంటుంది. చూసేవారికి అది శుభ్రత కోసం నాక్కుంటున్నట్లే కనబడుతుంది. మనం చర్మం బోడిగా మారిన తరువాత మేలుకుంటాం. అప్పుడు కూడా మనకు తోచే మాట ఒక్కటే: "గజ్జి పట్టింది, వదిలేయండి."

మన విశాఖపట్నం వాతావరణం ఈ బాధకు అనుకూలమైనది. సముద్రపు తేమ సంవత్సరమంతా ఇళ్లలో నిలిచి ఉంటుంది. పరుపులలో, తివాచీలలో, ఇంటి ధూళిలో కంటికి కనబడని మైట్ అనే పురుగులు బ్రతకడానికి కావలసినది వెచ్చదనము, తేమ. ఆ రెంటికీ ఇక్కడ కొదవ లేదు. గోడల మీద బూజు, ఒంటి మీద గెంతే ఫ్లీ పురుగులు, పిడుదులు కూడా తేమగాలిలోనే హాయిగా వృద్ధి చెందుతాయి. ఎలర్జీ ఉన్న జంతువుకు నాలుగైదు ఫ్లీ పురుగుల కాటు చాలు, రోజుల తరబడి దురద వదలదు. ఇక కొన్ని జాతుల కుక్కలకు ఈ తత్వం పుట్టుకతోనే వస్తుంది. లాబ్రడార్, పగ్, జర్మన్ షెపర్డ్ అటువంటివి. ఎమ్.వి.పి. కాలనీ మొదలు ఉక్కునగరం క్వార్టర్ల వరకు నేడు ముచ్చటపడి పెంచుకుంటున్నవి ఎక్కువగా ఈ జాతులే. ఆరు నెలల నుండి మూడేళ్ల వయస్సు మధ్య సాధారణంగా వ్యాధి బయటపడుతుంది. అంటే పిల్లగా ఉన్నప్పటి ముద్దు తీరి, యజమాని ఓపిక సన్నగిల్లే సమయానికే దురద మొదలవుతుందన్నమాట.

ఇక నా పొరపాటు చెబుతాను. మా ఇల్లు పాతనగరంలో, దర్గా కొండకు దిగువన ఉన్నది. మా అమ్మీ పెంచిన పిల్లి పేరు సితార. ఫిషింగ్ హార్బరు దగ్గర కనుక చేపలకు లోటు లేదు. ఐదేళ్లుగా దాని ఆహారం చేప తలలు, కాసిని పాలు. ఒక వేసవిలో అది మెడ గోక్కోవడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి మెడ చుట్టూ పుండ్లు పడ్డాయి. ఇరుగుపొరుగువారు పిల్లల మీదికి గజ్జి వస్తుందని భయపడి, రైలుపట్టాల అవతల వదిలిపెట్టి రమ్మన్నారు. అమ్మీ ససేమిరా అన్నది. "ఐదేళ్లు మన చేతి మీద తిన్న ప్రాణం బేటా, జబ్బు చేసినప్పుడే బయటికి పంపుతామా?" అన్నది.

నేను డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. సెలవు పెట్టాలి, ఆటో ఖర్చు, పిల్లి బుట్టలో ఉండదు. ఇవీ నా సాకులు. పెంపుడు జంతువుల సామాను అమ్మే ఒక దుకాణానికి వెళ్లి మందు అడిగాను. కుక్కల ఒంటి మీది పురుగులకు వాడే చుక్కల మందు ఒకటి ఇచ్చి, "పిల్లికీ ఇదే మాస్టారూ, మోతాదు తగ్గించి వేయండి" అన్నారు. వేశాను. ఆ రాత్రి సితార ఒళ్లంతా వణకడం మొదలుపెట్టింది. కాళ్లు కొట్టుకున్నాయి, నోటి వెంట చొంగ కారింది. అమ్మీ తెల్లవార్లూ దానిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది. పెద్దమనిషి సామెత చెప్పిన ఉదయం అదే.

డాక్టరు గారు మందు పొట్లం చూడగానే విషయం గ్రహించారు. అందులో ఉన్నది పెర్మెత్రిన్. కుక్క కాలేయం దానిని విరిచి బయటికి పంపగలదు. పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలదు. మోతాదు తగ్గించినంత మాత్రాన విషం ఔషధం కాదు. ఆయన గోరువెచ్చని నీటితో, సబ్బుతో ఒంటిమీది మందు కడిగించి, వణుకు తగ్గడానికి ఇంజెక్షను ఇచ్చి, సాయంత్రం దాకా అక్కడే ఉంచుకున్నారు. సితార బ్రతికింది. "మాస్టారూ, మీ విద్యార్థి ఒకడు పక్కవాని చీటీ చూసి పరీక్ష రాస్తే మీరు ఊరుకుంటారా? మీరు చేసింది అదే" అన్నారు డాక్టరు గారు. తలవంచుకోవడం తప్ప నేను చేయగలిగింది లేకపోయింది.

పిల్లి కోలుకున్న తరువాత అసలు చికిత్స మొదలయింది. అది ఎంత క్రమబద్ధంగా సాగిందో చెప్పడం అవసరం, ఎందుకంటే మనవారు మధ్యలోనే విసిగి మానివేస్తారు. మొదట సన్న దువ్వెనతో దువ్వి ఫ్లీ పురుగుల కోసం చూశారు. చర్మాన్ని కాస్త గీకి సూక్ష్మదర్శిని కింద గజ్జి పురుగు ఉన్నదేమో పరీక్షించారు. తామర ఉన్నదేమో చూశారు, ఎందుకంటే పిల్లి తామర మనుషులకు అంటుకుంటుంది. ఇరుగుపొరుగువారి భయం నిజమో కాదో తేలింది ఆ పరీక్షలతోనే, రెండూ లేవు. పుండ్లలో చేరిన సూక్ష్మజీవులకు మందు ఇచ్చారు. పిల్లికి తగిన పురుగుల మందును వరుసగా వాడించారు. అయినా దురద పూర్తిగా పోలేదు. అప్పుడు ఆహారంపై అనుమానం వచ్చింది.

ఆహారం పడదని తేల్చడానికి రక్తపరీక్షను నమ్మలేమనీ, నమ్మదగిన మార్గం ఒక్కటేననీ డాక్టరు గారు వివరించారు. ఇంతవరకు తినని మాంసాన్ని మాత్రమే ఎనిమిది వారాలు పెట్టాలి, పాత ఆహారం ఒక్క ముక్క కూడా తగలకూడదు. దురద తగ్గితే మళ్లీ పాత ఆహారం పెట్టి చూడాలి. దురద తిరిగి వస్తే నేరం రుజువైనట్లు. పిల్లులకు ఎక్కువగా పడనివి గొడ్డుమాంసం, చేప, కోడి. కుక్కలకు గొడ్డుమాంసం, పాలు, కోడి, గోధుమ. సితారకు మసాలా లేకుండా ఉడికించిన మేకమాంసం, డాక్టరు గారు రాసిచ్చిన పోషకాలతో కలిపి పెట్టాం. మూడవ వారంలో పక్కింటి పిన్నిగారు ప్రేమకొద్దీ గోడ మీదుగా ఒక చేప తల విసిరారు. లెక్క మళ్లీ మొదటికి వచ్చింది. చివరకు ఎనిమిది వారాలు నిండేసరికి మెడ మీద కొత్త వెంట్రుకలు వచ్చాయి. పరీక్ష కోసం చేప పెట్టాం. నాలుగు రోజులలో గోకడం తిరిగి మొదలయింది. హార్బరు పక్కన పుట్టిన పిల్లికి చేపే పడలేదు!

ఈ అనుభవం నుండి నేను గ్రహించిన మొదటి సత్యం, ఒక జీవికి అమృతమైనది మరొక జీవికి విషం కావచ్చుననేది. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలదు; దాని రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తుంది. ఇంతకంటె పెద్ద ఉదాహరణ మన దేశం చూసింది. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ మందు, ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను నాశనం చేసిందని 2004లో రుజువైంది. అప్పటికే కొన్ని జాతుల రాబందులు నూటికి తొంభై ఐదుకు పైగా అంతరించాయి. 2006లో మన ప్రభుత్వం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. కనుక మందుల షాపులో అడిగి తెచ్చిన లేపనం, మనిషికి మిగిలిన మాత్ర, పొరుగువారి కుక్కకు వాడిన సీసా, ఇవేవీ చికిత్సలు కావు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం కూడా పశువైద్యం చేసే హక్కును రిజిస్టరు అయిన వైద్యులకే ఇచ్చింది.

రెండవ సత్యం, ఎలర్జీకి ఒక్క సూదితో శాశ్వత నివారణ లేదనేది. "ఒక ఇంజెక్షను చేయండి, తగ్గిపోవాలి" అని వైద్యుని ఒత్తిడి చేసేవారిని నేను ఆ వరండాలో చూశాను. స్టెరాయిడ్ ఇస్తే రెండు రోజులలో దురద మాయమవుతుంది, నిజమే. కాని కారణం అలాగే ఉంటుంది. నెలల తరబడి అదే వాడితే విపరీతమైన దాహం, ఊబకాయం, చర్మం పలుచబడడం, పిల్లులలో మధుమేహం కూడా రావచ్చును. స్టెరాయిడ్ చెడ్డదని కాదు, వైద్యుడు కొలిచి ఇచ్చినంత కాలమే అది మంచిది. కుక్కల దురదకు ఆక్లాసిటినిబ్ వంటి కొత్త మందులు 2013 తరువాత వచ్చాయి. పడని పదార్థాన్నే కొద్దికొద్దిగా ఎక్కించి శరీరానికి అలవాటు చేసే పద్ధతి కూడా ఉన్నది. ఏది తగునో నిర్ణయించవలసినది వైద్యుడు. ఓపిక పట్టవలసినది మనం.

"మనుషులకే వైద్యం అందని దేశంలో పిల్లులకు, కుక్కలకు ఇంత హంగామానా?" అన్న ప్రశ్నను నేను తేలికగా తీసుకోను. కింగ్ జార్జి ఆసుపత్రి వరండాలలో చోటు లేక కూర్చున్న జనాన్ని చూసినవారెవ్వరూ తేలికగా తీసుకోలేరు. అయితే పిల్లికి సరైన మందు ఇవ్వడం వల్ల ఏ రోగి మంచం ఖాళీ కాకుండా పోయింది? తామర, ఒకరకం గజ్జి జంతువుల నుండి పిల్లలకు అంటుకుంటాయి. వాటిని ముందే గుర్తించేవాడు పశువైద్యుడు. దురద కోసం వెళ్లిన నాడే రేబిస్ టీకా కూడా పడుతుంది. గజ్జికుక్క అని వీధిలో వదిలేసిన ప్రతి పెంపుడు కుక్కా ఆకలితో, నొప్పితో, టీకా లేకుండా మన పిల్లలు బడికి నడిచే దారిలోనే తిరుగుతుంది. జంతువు ఆరోగ్యం వేరు, మనిషి ఆరోగ్యం వేరు అని గీత గీయడం సాధ్యం కాదు.

మన కళాశాలలో చదివే పిల్లల ఇళ్లలో కుక్కను లోపలికి రానివ్వనివారు కలరు. ఆ ఆచారాన్ని నేను ప్రశ్నించడం లేదు. కాని దప్పికతో మట్టి నాకుతున్న కుక్కకు బావిలో దిగి నీళ్లు తెచ్చి పోసినవానికి క్షమ లభించిందనీ, పిల్లిని కట్టివేసి ఆకలితో చంపిన స్త్రీ శిక్షకు గురైందనీ మనం చిన్ననాటి నుండి విన్నవారమే. ఇంటిలోకి రానివ్వకపోవడం వేరు, బాధపడుతుంటే చూస్తూ ఊరుకోవడం వేరు. మన రాజ్యాంగంలో 1976లో చేర్చిన ప్రాథమిక విధుల్లో సకల ప్రాణుల పట్ల దయ కలిగి ఉండడం ఒకటి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం పెంచుకున్న జంతువుకు తిండి, నీరు, ఆశ్రయం ఇవ్వకపోవడం నేరం. ధర్మం, రాజ్యాంగం, చట్టం మూడూ ఒకే మాట చెబుతున్నప్పుడు మనకు మిగిలే సాకు ఏమిటి?

మన పశువైద్య వ్యవస్థ పాడిపశువుల కోసం ఏర్పడింది. 1889లో పూనాలో స్థాపించిన పరిశోధనశాలే నేడు ఇజ్జత్‌నగర్‌లో ఉన్న భారత పశువైద్య పరిశోధన సంస్థ. రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారిపై దశాబ్దాల పాటు టీకాలతో పోరాడి, 2006లో మన దేశం ఆ వ్యాధి లేని దేశంగా గుర్తింపు పొందింది. 2011లో ప్రపంచమే దాని నుండి విముక్తమైంది. పశువైద్యులు సాధించిన ఈ విజయం అసామాన్యమైనది. 2022లో మన రాష్ట్రంలో 1962 నంబరుకు ఫోను చేస్తే పల్లెలకు వచ్చే సంచార పశువైద్య వాహనాలు ప్రారంభమయ్యాయి. తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి కళాశాలల నుండి యువ వైద్యులు వస్తున్నారు. ఇంత సాధించిన వ్యవస్థ, పట్టణాలలో అపార్టుమెంట్ల కుక్కకు, పేటలోని పిల్లికి కూడా చర్మపరీక్ష చేయగల గదిని, వారంలో ఒక ప్రత్యేక దినాన్ని కేటాయించలేదా? ప్రైవేటు వైద్యానికి స్తోమత లేని రిక్షావానికి, హార్బరు కూలీకి కూడా పిల్లి మీద ప్రేమ ఉంటుంది. ఆ ప్రేమకు ప్రభుత్వ ఆసుపత్రి తప్ప దిక్కు లేదు.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటి. సంవత్సరానికి ఒకసారి మన ఆవరణలో రిజిస్టరు అయిన పశువైద్యులతో ఒకరోజు శిబిరం జరిపించండి. రేబిస్ టీకా, చర్మపరీక్ష రెండూ చాలు. ఏ మందులు పిల్లికి, కుక్కకు ప్రమాదమో తెలుగులో, ఉర్దూలో ఒక పత్రం అచ్చువేసి ఇంటింటికీ పంపండి. జంతుశాస్త్ర విభాగం వారు సూక్ష్మదర్శిని అందిస్తే, పత్రం రాసిపెట్టే పని ఉర్దూ, తెలుగు శాఖల వారం సంతోషంగా చేస్తాము.

విద్యార్థి మిత్రులారా, మీరు చేయగలిగినది ఇంకా సులభం. మీ ఇంటి జంతువు గోక్కోవడం చూస్తే ఒక కాగితం తీయండి. దురద ఎప్పుడు మొదలైంది, ఒంటిలో ఎక్కడ, ఏ కాలంలో ఎక్కువ, ఏమి తింటున్నది, ఇంతవరకు ఏమి పూశారు, ఇంట్లో మనుషులెవరికైనా దురద ఉన్నదా, ఇవి రాయండి. మీ సెల్‌ఫోనులో ఫోటో తీయండి. పూసిన మందు పొట్లం పారేయకుండా వెంట తీసుకువెళ్లండి. మా సితారను బ్రతికించింది ఆ పొట్లమే. నోరులేని జీవి తరఫున వైద్యునికి చెప్పవలసిన మాటలు ఆ కాగితంలో ఉంటాయి.

సితార ఇప్పుడు కులాసాగా ఉన్నది. చేపల బుట్ట వీధిలోకి వచ్చినప్పుడు మాత్రం అమ్మీ తలుపు వేస్తుంది. పక్కింటి పిన్నిగారు కూడా గోడ మీదుగా ఏదైనా విసిరేముందు "ఇది పడుతుందా మాస్టారూ?" అని అడుగుతున్నారు. ఆ ఒక్క ప్రశ్న మన నగరంలో ప్రతి ఇంటా వినబడితే చాలునని భావిస్తూ, చదువరులు ఈ విషయాన్ని సహృదయంతో ఆలోచించగలరని ఆశిస్తూ విరమిస్తున్నాను.